కందెనలో గంధకం

తెప్పకి కందెన అక్కర్లేదు. తేలిక కలప దుంగలు నాలుగైదు చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగిస్తే చాలు, శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డు నుంచి కెరటం దాటి వేటకి పోవడానికి ఒకప్పుడు అదే సాధనం. రాసుకునేవి తెడ్డూ తాడూ మాత్రమే. వాటి వేడి చల్లార్చడానికి సముద్రం ఎప్పుడూ పక్కనే ఉంది. పెద్దవల వేసే పడవలదీ అదే తీరు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డు మీద విరిగే కెరటానికి కుట్టు పడవ వంగి లేస్తుంది, మేకులు కొట్టిన గట్టి పడవైతే పగిలి ఊరుకుంటుంది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో మరే జిల్లాకీ అంత లేదంటారు. పొడవు ఎంతైనా అలలు నేరుగా వచ్చి ఇసుక మీద విరుచుకుపడే ఒడ్డే ఎక్కువ. లంగరేసి నిలబెట్టుకునే తావు అరుదు, వేట నుంచి వచ్చిన పడవని వచ్చినట్టే ఇసుక మీదికి ఈడ్చుకోవాలి. ఈ తీరానికి ఇంజిను ఆలస్యంగా రావడానికి మొదటి కారణం అదే. బీదరికం తరవాతి మాట.

కందెన ఉండేది బండి దగ్గర. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. నౌపడా ఉప్పుమళ్ళ దారిలో బండి ఇరుసు కిర్రుమన్నప్పుడల్లా ఆ గొట్టం పని పడేది. ఆముదానికి ఒక గుణం ఉంది. దాని అణువు ఇనుముని అంటిపెట్టుకుంటుంది, ఎంత బరువు పడినా ఓ పట్టాన జారిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లు కూడా ఆముదం పోసుకునే ఎగిరాయి. 1900లో పర్లాకిమిడి రాజావారి రైలు నౌపడా నుంచి మొదలైంది. రెండున్నర అడుగుల గేజి బండి. ఆవిరి ఇంజిన్ల సిలిండర్లకి పెట్రోలియం నూనెలో జంతువుల కొవ్వు కలిపిన ఆయిల్ వాడటం ఆనాటి రైల్వేల పద్ధతి. నూనె జారిపోయినా కొవ్వు ఇనుముని పట్టుకుని ఉంటుందన్నది అక్కడి లెక్క. గాలిలో ఉప్పు, దూరంలో సముద్రం, మధ్యలో ఒక చిన్న రైలు. భావనపాడు చుట్టుపక్కల చాలాకాలం పెద్ద యంత్రమంటే అదే.

గంధకం ఈ కథలోకి లేతు మిషన్ల వైపు నుంచి వచ్చింది. ఇనుము కోసేటప్పుడు పనిముట్టు మొన దగ్గర పుట్టే వేడికి మామూలు నూనె నిలవదు. కొవ్వు నూనెలో గంధకపు పొడి కరిగించి పోస్తే మొన అంత తొందరగా అరగదని పడమటి దేశాల కార్ఖానాల్లో పనివాళ్ళు అనుభవం మీద కనిపెట్టారు. కారణం తరవాత తెలిసింది. వేడెక్కిన చోట గంధకం ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ పొర కడుతుంది. రెండు ఇనుములు ఒకదానికొకటి అతుక్కునే బదులు ఆ పొర మధ్యలో పడి తాను చిరుగుతుంది, చిరిగిన చోట మళ్ళీ పుడుతుంది. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకి హైపాయిడ్ గేర్లు వచ్చాయి. వాటి పళ్ళు దొర్లుతూనే పక్కకి జారతాయి, మామూలు ఆయిల్ ఆ ఒత్తిడికి ఆగదు. దాంతో సీసం సబ్బూ గంధకమూ కలిపిన ఆయిళ్ళు బజారుకెక్కాయి. ఆ పైన స్పెర్మ్ తిమింగలం నూనెకి గంధకం పట్టించి వాడారు. 1970ల మొదట్లో అమెరికా ఆ తిమింగలం సరుకుని నిషేధించేదాకా కార్ల గేరుబాక్సుల్లో దానికి మంచి గిరాకీ ఉండేది. ఇవాళ టెక్కలిలో నైంటీ గేర్ ఆయిల్ డబ్బా మూత తీస్తే ముక్కుకి కొట్టే కుళ్ళు వాసన ఆ గంధకం మందుదే.

డీజిల్ ఇంజినుకి గంధకం పట్టిన తీరు వేరు. అక్కడ ఒక రోగానికి వేసిన మందు ఇంకో రోగం తెచ్చింది, రెండో రోగానికి వెతికిన మందు మూడోదానికి పనికొచ్చింది.

1930లలో కాలిఫోర్నియా పొలాల్లో కేటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లు తిరగడం మొదలైంది. పెట్రోలు ఇంజిన్లకి సరిపోయిన ఆయిల్ వాటికి సరిపోలేదు. పిస్టన్ మీద రింగులు కూర్చునే గాళ్ళలో మసి గట్టిపడి రింగులు పట్టేసేవి. స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా 1935లో మసిని కడిగేసే లోహపు సబ్బు కలిపిన ఆయిల్ తయారుచేసి డెలో పేరుతో అమ్మింది. రింగులు బాగుపడ్డాయి. ఈలోగా బేరింగులు పాడవసాగాయి. అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న రాగి-సీసం బేరింగుల్ని, వేడికి ముదిరిన ఆయిల్‌లో పుట్టే ఆమ్లాలు తినేసేవి. ఆ బేరింగుల్ని కాపాడే పదార్థం కోసం వెతుకుతున్న రసాయనవేత్తలకి జింక్, భాస్వరం, గంధకం మూడూ ఉన్న ఒక సమ్మేళనం తగిలింది. దాని పూర్తి పేరు జింక్ డయల్కైల్ డైథయోఫాస్ఫేట్, పొట్టిగా జెడ్‌డీడీపీ. యూనియన్ ఆయిల్ కంపెనీకి చెందిన హెర్బర్ట్ ఫ్రూలర్ పేర 1944లో దీని మీద అమెరికా పేటెంట్లు వచ్చాయి. ఆయిల్ ముదరకుండా, బేరింగు తినేయకుండా చూడటమే అప్పట్లో దాని పని. అరుగుదలని ఆపుతుందని ఎవరూ కలలో కూడా అనుకోలేదు. 1950లలో కార్ల ఇంజిన్లలో వాల్వుల్ని కదిలించే క్యామ్‌కీ, అది నొక్కే ట్యాపెట్‌కీ మధ్య ఒత్తిడి విపరీతంగా పెరిగాక గానీ దాని అసలు విద్య బయటపడలేదు. అప్పటి నుంచి దానికి సాటి వచ్చే మందు దొరకలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో హ్యూ స్పైక్స్ 2004లో ఈ ఒక్క పదార్థం చరిత్ర మీదే పెద్ద వ్యాసం రాశాడంటే దాని మీద ఎంత పని జరిగిందో ఊహించవచ్చు.

ఒక ట్యాపెట్ దగ్గర ఆగి చూస్తే సంగతి తెలుస్తుంది. క్యామ్ ముక్కు దాని నెత్తి మీదికి వచ్చిన క్షణంలో ఆ రెంటి మధ్యా ఆయిల్ పొర దాదాపు ఉండదు, ఇనుము ఇనుముని తాకుతుంది. ఆ రాపిడికి, వేడికి జెడ్‌డీడీపీ విడిపోతుంది. ఇనుముకి అంటుకుని గంధకం సల్ఫైడ్‌గా మారుతుంది. దాని మీద జింక్ ఫాస్ఫేట్ గాజులాంటి పదార్థంగా పేరుకుంటుంది. మొత్తం మందం సుమారు నూరు నానోమీటర్లు, అంటే తల వెంట్రుకలో కొన్ని వందల వంతు. అరిగేది ఆ పొరే. అరిగిన మేరకు ఆయిల్‌లో మిగిలిన మందు మళ్ళీ పూత వేస్తుంది. మందు అయిపోయిన రోజు నుంచి ఇనుము అరుగుతుంది. పది లీటర్ల ఇంజినాయిల్‌లో ఈ సరుకు ఇంచుమించు ఓ వంద గ్రాములుంటుంది. డీజిల్ ఇంజిన్ల వేడికి ఓర్చుకోవాలి కాబట్టి వాటి ఆయిళ్ళకి, పెట్రోలు కార్ల రకం కంటే నిదానంగా విడిపోయే రకం ఎంచుతారు.

ఈ విద్య తెలుగు తీరానికి విశాఖపట్నం మీదుగా వచ్చింది. 1957లో కాల్టెక్స్ అక్కడ రిఫైనరీ తెరిచింది. డెలోని పుట్టించిన కాలిఫోర్నియా కంపెనీకి కాల్టెక్స్‌లో సగం వాటా. ప్రభుత్వం 1976లో దాన్ని తీసుకుని, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపేసింది. విశాఖ రిఫైనరీ డీజిల్, కిరోసిన్, పెట్రోలు తీసేది. ఆయిల్‌లో కలిపే మందులు మొదట్లో విదేశాల నుంచే రావాల్సి ఉండేది. 1966లో భారత ప్రభుత్వం భాగస్వామ్యంతో లూబ్రిజోల్ ఇండియా మొదలైంది. 1972లో ఇండియన్ ఆయిల్ సర్వో పేరు తెచ్చింది. 1989లో మద్రాసు రిఫైనరీ, షెవ్రాన్ కలిసి మద్రాసు దగ్గర ఇండియన్ అడిటివ్స్ పెట్టాయి. సంతబొమ్మాళి దుకాణంలో ఐదు లీటర్ల డబ్బా కొనే మనిషికి ఈ కంపెనీల పేర్లతో పని లేదు, డబ్బా మీద గుర్తు చూసుకుంటాడు, అంతే.

ఆ డబ్బా తీరానికి చేరాలంటే ముందు ఇంజిను చేరాలి గదా. దేశంలో మర పడవల ప్రయత్నం గట్టిగా మొదలైంది కేరళలో, 1952 ఒప్పందంతో వచ్చిన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు కింద. ఆంధ్రలో కాకినాడ, విశాఖలకి రేవులుండటంతో మర పడవలు, ట్రాలర్లు అక్కడే ఆగాయి. సోనా బోట్లనే పెద్ద మర పడవలు అవే రేవుల్లో పెరిగాయి. వాటిలో చాలావాటికి బిగించింది అశోక్ లేలాండ్ ఇంజిను. లారీ ఇంజినుకే నీటితో చల్లబరిచే ఏర్పాటు మార్చి, గేరుబాక్సు మార్చి సముద్రంలోకి దించారన్నమాట. అందుకే మన చేపల బోట్లకి తమదంటూ ఆయిల్ చరిత్ర లేదు. లారీ ఏది పోసుకుంటే బోటూ అదే పోసుకుంది, లారీ ఇంజిను మారితే బోటు ఆయిల్ కూడా మారింది.

రేవు లేని భావనపాడు వాళ్ళు రెండు దారులు పట్టారు. ఒకటి వలస. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కుర్రవాళ్ళు గుజరాత్ వెరావల్‌కీ, పరదీప్‌కీ, చెన్నైకీ బోట్ల మీద పనికి పోతారు. కలాసీగా ఎక్కి, కొన్నాళ్ళకి ఇంజిను దగ్గర చేయి తిరిగి, డ్రైవరుగా దిగినవాళ్ళున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టిన ఇరవైమంది మత్స్యకారులు వెరావల్ బోట్ల మీద పనికి పోయిన ఇటువైపు వాళ్ళే. డీజిల్ ఇంజిను విప్పడం, బిగించడం ఈ పల్లెల్లో చాలామంది నేర్చుకున్నది అరేబియా సముద్రం మీద.

రెండో దారి, ఒడ్డుకి ఈడ్చుకోగలిగే ఇంజిను. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వీడన్ డబ్బుతో బంగాళాఖాతం కార్యక్రమాన్ని ప్రారంభించింది. కెరటం మీదుగా వచ్చి ఇసుక ఎక్కే పడవకి ఇంజిను ఎలా పెట్టాలన్నది వాళ్ళ పనుల్లో ఒకటి. ప్రొపెల్లరు ఇసుకకి తగిలితే విరుగుతుంది. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం, ఇంజినూ షాఫ్టూ ఒకే పెట్టెలో పెట్టి, రబ్బరు తొడుగుతో నీళ్ళు రాకుండా చూసి, మొత్తాన్ని పైకి ఎత్తేయడం. చిన్న డీజిల్ ఇంజిను, గాలితోనే చల్లబడేది. తరవాత ఫైబర్ తెప్పలు వచ్చాయి. వాటికి పొడుగు గొట్టం చివర ప్రొపెల్లరు తగిలించిన లాంగ్ టెయిల్ ఇంజిన్లు, పెట్రోలు-కిరోసిన్ అవుట్‌బోర్డ్ మోటార్లు. ఒడ్డు దగ్గరికి రాగానే గొట్టం లేపేయడమే. దుంగల తెప్ప ఆకారం పోలేదు గానీ లోపల సిలిండరు చేరింది. టూ స్ట్రోక్ మోటారులో ఆయిల్ ఇంధనంలోనే కలిసి కాలిపోతుంది, బూడిద మిగిలితే ప్లగ్గు పాడవుతుంది కాబట్టి అందులో జింక్ వెయ్యరు. డీజిల్ ఇంజినులో ఆయిల్ అడుగున నిలవుంటుంది, అందులో జింకూ గంధకమూ ఉండాల్సిందే. డీజిల్ ఇంజిను డబ్బా టూ స్ట్రోక్ దాంట్లో పోస్తే ప్లగ్గు నల్లబడి మొరాయిస్తుంది.

భావనపాడులో చేపల రేవు కట్టకపోలేదు. కట్టారు, ఇసుక మేట వేసింది. తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే నడుస్తుంది, అడ్డం కట్టిన రాళ్ళగోడ పక్కన ఆగిపోతుంది. పెద్ద బోట్లు రావాల్సిన చోట తెప్పలే మిగిలాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 2015 నుంచి 61 రోజులు. ఇంజిన్లు విప్పేది ఆ రెండు నెలల్లోనే. హెడ్డు దించి, రింగులు మార్చి, ఆయిల్ దించేస్తారు. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పేది చాలామందికి గంటల లెక్క కాదు, రంగు. ‘నల్లబడిపోనాది, మార్సీయాల’ అంటారు. నిజానికి డీజిల్ ఆయిల్ నల్లబడటం అది పనిచేస్తోందనడానికి గుర్తు. 1935 నాటి ఆ కడిగే సబ్బు మసిని పట్టుకుని తనలో తేలుస్తోందని అర్థం. నల్లబడకుండా ఉంటేనే మసి రింగుల్లో పేరుకుంటోందేమోనని అనుమానించాలి. కంటికి కనపడనివి రెండున్నాయి, జింక్ మందు ఎంత మిగిలిందో, ఆమ్లం ఎంత చేరిందో. బోటుకైతే ఇంకో గండం ఉప్పునీరు, అది మాత్రం కనపడుతుంది. ఎక్కడో గ్యాస్కెట్టు కారి, నీళ్ళు ఆయిల్‌లో పడితే డిప్‌స్టిక్ మీద మజ్జిగ తేలినట్టు తెల్లగా కనపడుతుంది. నీళ్ళు తగిలిన జెడ్‌డీడీపీ రాపిడి దాకా ఆగకుండా ముందే విడిపోయి, ఉన్న కాస్త రక్షణా పోతుంది. కాబట్టి బోటు మనిషి నలుపుకి భయపడి తెలుపుకి ఊరుకోవడం తలకిందుల వ్యవహారం.

విడి ఆయిల్ సంగతీ ఉంది. దించేసిన కాలిన ఆయిల్‌ని వడగట్టి, రంగేసి, మళ్ళీ డబ్బాల్లో పోసి అమ్మే వ్యాపారం దేశమంతటా ఉంది. 1987లోనే కేంద్రం కందెన నూనెల తయారీ, పంపిణీ మీద ఉత్తర్వు తెచ్చినా అది ఆగలేదు. వడకట్టుతో మసి కొంత పోతుంది. అయిపోయిన జింక్ తిరిగి రాదు.

ఇక గంధకం శత్రువైన కథ. డీజిల్‌లో ఉండే గంధకం సిలిండరులో మండి, నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. చల్లటి సముద్రపు నీటితో చల్లబడే, వల లాగేటప్పుడు గంటలకొద్దీ నెమ్మదిగా తిరిగే ఇంజినులో ఆ ఆమ్లం లైనర్ల మీద ఎక్కువగా చెమ్మగిల్లుతుంది. దాన్ని విరవడానికే ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం క్షారాలు పెడతారు. 1990ల మధ్యదాకా మన డీజిల్‌లో గంధకం పరిమితి నూటికి ఒక వంతు, అంటే పదివేల పీపీఎం. 2000లో దేశమంతటా 2,500కి దిగింది. 2010లో 350. 2017లో 50. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ ప్రమాణంతో 10. ఒకప్పుడు సిలిండరు మీద పడిన ఆమ్లం ఇప్పుడు పేరుకి మాత్రమే. పొగ గురించి ఎంత మాట్లాడుకున్నారో ఇంజిను ఆయుష్షు గురించి అంత మాట్లాడుకోలేదు గానీ, పాత బోటు లైనర్లకి ఈ మార్పు చేసిన మేలు తక్కువది కాదు.

గంధకం తీసేయడంలో ఒక నష్టమూ ఉంది. 1991లో స్వీడన్ 10 పీపీఎం డీజిల్ తెచ్చినప్పుడు ఇంజెక్షన్ పంపులు అరిగిపోయాయి. గంధకాన్ని తీసేసే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉండే జిడ్డు కూడా పోతుందని, ఆ పంపుకి వేరే కందెన లేదని అప్పుడు గుర్తించారు. అందుకే ఇప్పుడు రిఫైనరీల్లో డీజిల్‌లోనే జారుడు మందు కొద్దిగా కలుపుతారు.

ఆయిల్‌లోని గంధకం మీద పరిమితి కూడా లారీ కోసం వచ్చిందే. పొగగొట్టంలో మసి వడపోత పెట్టాక, జింక్ బూడిద ఆ వడపోతని మూసేస్తుందని, భాస్వరం, గంధకం ఉత్ప్రేరకాన్ని చెడగొడతాయని 2006లో వచ్చిన సీజే-4 రకం డీజిల్ ఇంజినాయిల్‌కి భాస్వరం 0.12 శాతం, గంధకం 0.4 శాతం, బూడిద 1 శాతం మించకూడదన్నారు. భావనపాడు తెప్ప మీది సింగిల్ సిలిండర్ ఇంజినుకి వడపోతా లేదు, ఉత్ప్రేరకమూ లేదు. ఖరీదైన కొత్త ఆయిల్ కొంటే తప్పేమీ లేదు గానీ ఆ ఇంజిను అడిగేది ఆ పరిమితులు కాదు, వేళకి మార్పు, నీళ్ళు లేని ఆయిల్.

ఈ జిల్లా నుంచే రావాల్సిన ఒక మందు గురించి కూడా చెప్పుకోవాలి. పలాసలో జీడిపప్పు తీసే కార్ఖానాల్లో మిగిలే తొక్కలో ముదురు గోధుమ రంగు నూనె ఉంటుంది. చేతికి తగిలితే పొక్కుతుంది. చెక్క పడవకి పురుగు పట్టకుండా ఆ నూనె పూయడం పాత అలవాటు, తరవాత తరవాత కొందరు దాని బదులు కాలిన ఇంజినాయిల్ పూయడం మొదలుపెట్టారు. జీడి తొక్క నూనెలో కార్డనాల్ అనే ఫినాలుకి పొడుగాటి కర్బన తోక ఉంటుంది. కందెన మందుకి కావలసిన ఆకారం సరిగ్గా అదే, తల ఇనుముని పట్టుకుంటుంది, తోక ఆయిల్‌లో కరుగుతుంది. 1990ల చివర ఇండియన్ ఆయిల్ ఫరీదాబాద్ పరిశోధకులు దీని నుంచి పలు రకాల ఆయిల్ మందులు చేసి అమెరికా పేటెంట్లు తీసుకున్నారు. వాటిలో ఒకటి 1999లో వచ్చింది. ఉద్దానం జీడి తోటల్ని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడగొట్టినప్పుడు పప్పు ధర గురించే అందరూ బాధపడ్డారు. తొక్క లెక్క ఎవరికీ పట్టలేదు.

భావనపాడు పేరుతో మొదలైన పెద్ద ఓడరేవు పథకానికి 2023 ఏప్రిల్ 19న పక్కనే ఉన్న మూలపేటలో శంకుస్థాపన జరిగింది, పేరూ మూలపేటకే మారింది. అంచనా 4,362 కోట్ల రూపాయలు. అక్కడికి వచ్చే పెద్ద ఓడలు కాల్చేది వేరే ఇంధనం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకాన్ని మూడున్నర శాతం నుంచి అర శాతానికి తగ్గించింది. వాటి సిలిండర్లలో పోసే ఆయిల్‌కి క్షారబలం కూడా అందుకు తగ్గట్టు తగ్గించుకోవాల్సి వచ్చింది. అంత తగ్గించాక కూడా ఓడ నూనెలో గంధకం 5,000 పీపీఎం. పక్కనే ఇసుక మీద నిలబెట్టిన తెప్ప ట్యాంకులో ఉన్న డీజిల్‌లో 10.